మందు పండించే పురుగు కణం

కృష్ణా డెల్టాలో వరి కోసిన మాగాణిలో మినుము వేసే రైతుకు పొగాకు లద్దె పురుగు పాత శత్రువు. దాని మీద వాడమని వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పేవాటిలో ఎన్.పి.వి. ద్రావణం ఒకటి. అది రసాయనం కాదు, వైరస్. సోకిన పురుగు మొక్క చివరికి పాకి, తలకిందులుగా వేలాడుతూ చస్తుంది. లోపలంతా నీరై కారిపోతుంది. అలా చచ్చిన పురుగుల్నే నూరి, వడగట్టి, బెల్లమూ బట్టలకు వేసే నీలిమందూ కలిపి సాయంత్రం పూట పిచికారీ చేస్తారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు వైరస్‌ను చంపకుండా నీలిమందు అడ్డుకుంటుంది. మోతాదు కూడా పురుగుల లెక్కనే ఉంటుంది: హెక్టారుకు 250 ఎల్.ఇ., అంటే 250 పురుగుల నుంచి తీసినంత. ఒక్కో పురుగుకు 600 కోట్ల వైరస్ స్ఫటికాలని ప్రమాణం.

కొద్ది రోజుల్లో ఒక పురుగు ఒంట్లో 600 కోట్లు! మనుషుల జన్యు చికిత్సను ఏళ్ల తరబడి సతాయించిన చిక్కు సరిగ్గా ఇలాంటి అంకెలదే.

పుట్టుకతోనే ఒక జన్యువు చెడి, రక్తం గడ్డకట్టించే ప్రొటీను తయారుకాని మనిషి ఉన్నాడనుకుందాం. మంచి జన్యువును అతని కాలేయ కణాల్లోకి చేర్చాలి. ఆ పని చేసే వాహకాల్లో పేరున్నది ఏ.ఏ.వి. అనే చిన్న వైరస్. 1965లో అమెరికాలో అడినోవైరస్ నమూనాల్లో కల్తీగా బయటపడింది. అడ్డం 25 నానోమీటర్లు, జబ్బు చేయదు. సొంత జన్యువులు తీసేసి, మనకు కావలసిన జన్యువును అందులో పెడతారు.

అలాంటి జబ్బుల్లో ఒకటైన హీమోఫీలియా-బి కి 2022లో అమెరికా అనుమతించిన ఏ.ఏ.వి. మందు హెమ్‌జెనిక్స్ మోతాదు శరీర బరువులో కిలోకు 20 లక్షల కోట్ల కణికలు. 70 కిలోల మనిషికి 14 కోట్ల కోట్లు. ప్రయోగశాలలో వాడే మామూలు ఫ్లాస్కు అడుగున సుమారు రెండు కోట్ల మానవ కణాలు పరుచుకుంటాయి. కణానికి పది వేల కణికలు దక్కినా, ఒక్క రోగికి ఏడు వేల ఫ్లాస్కులు కావాలి. శుద్ధిలో పోయేది ఇందులో కలపలేదు.

అసలు చిక్కు ఈ 'పరుచుకోవడం' దగ్గరే ఉంది. 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఫ్రాంక్ గ్రాహం తయారుచేసిన హెక్-293 కణాలు మొదట్లో నేలను అంటిపెట్టుకునే పెరిగేవి. అలాంటి కణాలతో ఉత్పత్తి పెంచాలంటే పెంచాల్సింది లీటర్లు కాదు, చదరపు మీటర్లు. అరల మీద అరలు పేర్చారు, సీసాల్ని దొర్లించారు, పీచులాంటి పదార్థాన్ని తొట్టిలో కూరి దాని మీద కణాల్ని పెంచారు. దానికి తోడు వాటిలోకి వాహకం తయారీకి కావలసిన డి.ఎన్.ఏ.ను ప్లాస్మిడ్లనే వలయాలుగా విడిగా ఎక్కించాలి. ఆ ప్లాస్మిడ్ల తయారీయే ఒక పెద్ద ఖర్చు.

మరో దారి పురుగు నుంచే వచ్చింది. 1977లో అమెరికా వ్యవసాయ శాఖ వారి బెల్ట్స్‌విల్ పరిశోధనాలయంలో వాన్ బృందం ఒక రెక్కల పురుగు ప్యూపా అండాశయం నుంచి కణాలు తీసి, శాశ్వతంగా పెరిగే వంశాన్ని నిలబెట్టింది. ఆ పురుగు మనకు తెలిసిందే. 2018లో కర్ణాటకలో కనిపించి, అదే ఏడాది మన మొక్కజొన్న చేలల్లోకి దిగిన కత్తెర పురుగు. 1983లో ఆ కణ వంశంలోంచి వేరుచేసిన ఒక శాఖకు ఎస్.ఎఫ్.9 అని పేరు పెట్టారు. దీనికి ఏ నేలా అక్కర్లేదు, ద్రవంలో తేలుతూ పెరుగుతుంది. 27 డిగ్రీల వేడి చాలు, కార్బన్ డయాక్సైడ్ గది వద్దు, పశువుల సీరం వద్దు. చిలికే కడ్డీ ఉన్న తొట్టిలో మిల్లీలీటరుకు లక్షల్లో ఎదుగుతుంది. తొట్టి పెద్దదైతే పంట పెద్దదవుతుంది.

దీనికి సోకించే వైరస్ చేలో చల్లే ఆ ఎన్.పి.వి.కి బంధువే, రెండూ బాక్యులోవైరస్‌లే. చేలో ఎండ నుంచి కాపాడుకోవడానికి అది తన చుట్టూ ఒక ప్రొటీన్ స్ఫటికం కట్టుకుంటుంది. దానికోసం ఒక జన్యువును విపరీతమైన జోరుతో నడుపుతుంది. తొట్టిలో ఎండ లేదు, స్ఫటికంతో పని లేదు. ఆ జన్యువును తీసి, ఆ జోరును మనకు కావలసిన ప్రొటీనుకు మళ్లించవచ్చని టెక్సస్‌లో గేల్ స్మిత్, మాక్స్ సమ్మర్స్ 1983లో చూపించారు. ఈ శాస్త్రంలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకునే ఎత్తుగడ ఇదే.

2002లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో మసాషి ఉరాబే, రాబర్ట్ కోటిన్ బృందం మూడు బాక్యులోవైరస్‌లను ఒకేసారి పురుగు కణానికి సోకించింది. ఒకటి ఏ.ఏ.వి. కాపీ కొట్టే యంత్రాంగాన్ని, ఒకటి దాని పెంకును, మూడోది రోగికి అందాల్సిన జన్యువును మోసుకొచ్చాయి. కణానికి 50 వేల వాహకాల దాకా దొరికాయి. ప్లాస్మిడ్ అక్కర్లేదు, బాక్యులోవైరస్ తనంతట తానే పెరుగుతుంది. మనిషి కణంలో పెరగదు కాబట్టి భయమూ తక్కువ. 2012లో ఐరోపా అనుమతించిన తొలి జన్యు చికిత్స గ్లైబెరాను మొదట మానవ కణాల్లోనే చేశారు, తర్వాత పురుగు కణాల్లోకి మార్చారు. మన దేశంలో కోవోవాక్స్ టీకాలోని ప్రొటీనూ ఎస్.ఎఫ్.9 పండించిందే.

ఇక్కడితో అంతా చక్కబడిందని చెప్పలేను. పురుగు కణాల్లో పుట్టిన వాహకాల పెంకులో ఒక ముఖ్య ప్రొటీను తక్కువ పడే ఇబ్బంది ఉంది. తరాలు మారేకొద్దీ చేర్చిన జన్యువుల్ని బాక్యులోవైరస్ జారవిడుస్తుంది. 2014లో ఎస్.ఎఫ్.9 కణాల్లోనే ఎప్పటినుంచో ఒక రాబ్డోవైరస్ నివసిస్తోందని అమెరికా ఎఫ్.డి.ఏ. శాస్త్రవేత్తలు బయటపెట్టారు. అది లేని వంశాల్ని వెతికి నిలబెట్టాల్సివచ్చింది. జన్యువు లేని ఖాళీ పెంకులు ఏ పద్ధతిలోనైనా పుడతాయి, వాటిని వేరుచేయడమే శుద్ధిలో సగం శ్రమ. ఈలోగా హెక్-293 కూడా తేలడం నేర్చుకుంది, ఇప్పటికీ ఎక్కువమంది దాన్నే వాడుతున్నారు.

మోతాదు తగ్గిస్తే తొట్టి మీద బరువూ తగ్గుతుంది. అదే హీమోఫీలియా-బి కి 2024లో ఫైజర్ తెచ్చిన మందు కిలోకు 50 వేల కోట్ల కణికలే, అంటే హెమ్‌జెనిక్స్‌లో నలభయ్యో వంతు. అయినా రెండూ మార్కెట్లోకి వచ్చింది ఒకే ధరకు, 35 లక్షల డాలర్లకు (2025లో ఫైజర్ తన మందు అమ్మకం ఆపేసింది).  తయారీ ఖర్చొక్కటే ధరను నిర్ణయించదని ఇంతకంటే స్పష్టంగా చెప్పేది లేదు. పసిబిడ్డల వెన్నెముక కండరాల జబ్బుకు 16 కోట్ల రూపాయల ఇంజెక్షన్ కోసం చందాలు అడిగే విజ్ఞప్తులు మన ఫోన్లలోకీ వచ్చాయి. అది మాత్రం ఉపరితలానికి అంటుకుని పెరిగే హెక్ కణాల్లో చేసినది.

ఖరీదు తగ్గించే పోటీ మన దగ్గర మొదలవ్వాలంటే వాహకం ఇక్కడే తయారవ్వాలి. ముక్కులో వేసే ఇన్‌కోవాక్ టీకాకు అడినోవైరస్ వాహకాన్ని పెద్ద ఎత్తున పండించిన భారత్ బయోటెక్, 2025లో హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో ఏ.ఏ.వి., లెంటివైరస్, అడినోవైరస్ వాహకాల కోసమే ప్రత్యేక కేంద్రం తెరిచింది. వెల్లూరు సి.ఎం.సి.లో హీమోఫీలియా-ఏ ఉన్న ఐదుగురికి లెంటివైరస్ వాహకంతో సరిచేసిన వారి సొంత మూలకణాల్నే ఎక్కించారు. 2024 డిసెంబరులో ఫలితాలు ప్రకటించే నాటికి ఆ ఐదుగురిలో రక్తస్రావాల లెక్క సున్నా.