నీకెంతచ్చింది రా?

మార్చి నెల. మధ్యాహ్నం పన్నెండు. పరీక్ష హాల్లో చివరి గంట కొట్టిందో లేదో, గేటు దగ్గర తొక్కిసలాట మొదలవుతుంది. చెప్పులు వెతుక్కునేవాళ్లు, సంచులు తీసుకునేవాళ్లు, మంచినీళ్ల కోసం పరుగెత్తేవాళ్లు. ఈ గందరగోళంలోంచి ఒకే ఒక్క ప్రశ్న పైకి లేస్తుంది.

'అరేయ్, ఆ ప్రాబ్లమ్‌కు నీకెంతచ్చింది రా?'

నిజామాబాద్‌లో ఏ పరీక్ష కేంద్రం ముందు నిలబడినా ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్స్ రోజు ఇదే మాట. తెలుగు, ఇంగ్లిష్ పరీక్షల రోజు ఇంత గోల ఉండదు. 'బాగనే రాసిన' అనుకుని బస్సెక్కేస్తారు. కెమిస్ట్రీలో చదివింది గుర్తుందా లేదా అన్నదే లెక్క. కానీ ఫిజిక్స్... అందులోనూ చలనం, బలాలు, ఘర్షణ ఉన్న భాగం... అక్కడ జవాబుకు ఒక అంకె ఉంటుంది. అంకె ఉందంటే పక్కవాడి అంకెతో పోల్చుకోకుండా ఉండటం మనిషి తరం కాదు!

మూడు జవాబులు, ఒకే ప్రశ్న

ఒక మామూలు లెక్క తీసుకుందాం. బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో, నేలకు 30 డిగ్రీల కోణంలో విసిరారు. అది ఎంత దూరంలో పడుతుంది? పుస్తకం భాషలో చెప్పాలంటే, ప్రక్షేపకం వ్యాప్తి ఎంత?

వేపచెట్టు కింద నలుగురు చేరారనుకోండి. ఒకడు 34.6 అంటాడు. ఇంకొకడు 35.3 అంటాడు. మూడోవాడు గొంతు తగ్గించి 'నాకు 20 అచ్చింది' అంటాడు. నాలుగోవాడు అసలు ఆ ప్రశ్న ముట్టుకోనే లేదు. అయినా వాదనలో అందరికంటే వాడి గొంతే పెద్దది. ప్రతి గుంపులోనూ ఇలాంటివాడు ఒకడుంటాడు.

మొదటి ఇద్దరి మధ్య పెద్ద యుద్ధం. తీరా చూస్తే తేడా అంతా గురుత్వ త్వరణం దగ్గరే. ఒకడు 10 తీసుకున్నాడు, ఇంకొకడు 9.8 తీసుకున్నాడు. ఇద్దరి పద్ధతీ ఒకటే, ఇద్దరూ సరిగ్గానే చేశారు. ఆ మాటకొస్తే, నిజామాబాద్ ఉన్న అక్షాంశాన్ని బట్టి ఇక్కడి అసలు విలువ దాదాపు 9.78. దాంతో చేస్తే జవాబు 35.4 వస్తుంది. అంటే వాదించుకున్న ఇద్దరిలో ఎవరూ 'అసలు' జవాబు రాయలేదు. గాలి అడ్డుకుంటుందన్న సంగతి కలిపితే అదీ మారుతుంది. పరీక్ష పేపర్లో గాలి ఉండదు కాబట్టి సరిపోయింది.

మూడోవాడి 20 వెనుక అసలు కథ ఉంది. వాడికి సూత్రం గుర్తుంది కానీ అందులోని కోణాన్ని రెట్టింపు చేయాలన్న సంగతి మరిచిపోయాడు. 60 డిగ్రీల సైన్ తీసుకోవాల్సిన చోట 30 డిగ్రీల సైన్ వేశాడు. ఒక్క అంకె జారింది. ఆ రెట్టింపు ఎందుకొస్తుందో తెలిసినవాడు మరిచిపోడు. బంతి ముందుకు వెళ్లే వేగం ఒకటి, పైకి లేచే వేగం మరొకటి. పైకి లేచే వేగమే గాల్లో ఎంతసేపు ఉండాలో నిర్ణయిస్తుంది. ఈ రెండూ గుణిస్తేనే దూరం. కోణం పెంచితే గాల్లో ఎక్కువసేపు ఉంటుంది కానీ ముందుకు తక్కువ కదులుతుంది. తగ్గిస్తే తిరగబడుతుంది. అందుకే 30 డిగ్రీలకు విసిరినా, 60 డిగ్రీలకు విసిరినా బంతి పడేది ఒకే చోట. 1638లో అచ్చయిన పుస్తకంలో గెలీలియో రుజువు చేసిన సంగతి ఇది. దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాత ఇందూరులో వేపచెట్టు కింద ఒకడు పెన్ను క్యాప్‌తో నేల మీద గీసి దాన్నే మళ్లీ రుజువు చేస్తుంటాడు. మూడోవాడు అప్పుడు తల పట్టుకుంటాడు. చిత్రమేమిటంటే, ఏడాదంతా క్లాసులో ఎక్కనిది ఆ నిమిషంలో ఎక్కుతుంది. ఇక జన్మలో మరిచిపోడు!

'వ్యాప్తి అంటే రేంజే కదా?'

ఈ ముచ్చట్లలో ఇంకో మెలిక ఉంది. తెలుగు మీడియం పిల్లలకూ ఇంగ్లిష్ మీడియం పిల్లలకూ ఒకే కేంద్రం పడుతుంది. ఒకరు 'ఘర్షణ గుణకం' అంటారు, ఇంకొకరు 'కోఎఫిషెంట్ ఆఫ్ ఫ్రిక్షన్' అంటారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పుస్తకాలతో చదువుకున్నవాళ్లకు త్వరణం, ద్రవ్యవేగం, పరావలయం మామూలు మాటలు. పట్నంలోని కార్పొరేట్ కాలేజీ కుర్రాడికి అవి వింత. 'అరే, వ్యాప్తి అంటే రేంజే గదా' అని తేల్చుకున్నాకే అంకెలు పోల్చుకోవడం మొదలవుతుంది. జవాబు కలిస్తే ఆ క్షణంలో రెండు మీడియాల మధ్య గోడ కూలినట్టే. ఫీజులు కట్టి చదివినవాడికీ, ప్రభుత్వ కాలేజీలో చదివినవాడికీ 34.6 ఒకటే కదా!

లాన్ రోలర్ ప్రశ్న తెలియని ఇంటర్ విద్యార్థి ఉండడు. 'రోలర్‌ను తోయడం కంటే లాగడం ఎందుకు సులభం?' తరతరాలుగా పిల్లలు బట్టీ కొట్టిన ప్రశ్న. ఏటవాలుగా లాగితే మన బలంలో కొంత రోలర్‌ను పైకి ఎత్తుతుంది. నేల మీద ఒత్తిడి తగ్గి ఘర్షణా తగ్గుతుంది. తోస్తే మన బలమే దాన్ని నేలకు అదుముతుంది. బోధన్ వైపు ఊళ్ల నుంచి వచ్చే పిల్లల్లో చాలామంది లాన్ అన్నదాన్ని చూసి ఉండరు. తడి నేలలో దిగబడ్డ చెరకు ట్రాక్టర్‌ను మాత్రం చూసి ఉంటారు. ప్రశ్న వేసేవారికి ఈ సంగతి ఎప్పుడైనా తడుతుందో లేదో మరి.

సారంగాపూర్ దాటాక...

బోధన్ బస్సు ఎక్కాక ముచ్చట మారుతుంది. నిజామాబాద్ దాటగానే సారంగాపూర్. అక్కడ సహకార చక్కెర ఫ్యాక్టరీ ఉండేది. మూతపడింది. తర్వాత జానకంపేట, ఎడపల్లి, ఆపైన బోధన్. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్. 1937లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు తెచ్చుకున్న ఫ్యాక్టరీ. మంజీరా మీద కట్టిన నిజాంసాగర్ నీళ్లతో పండిన చెరకే దానికి ఆధారం. 2002లో ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో లాకౌట్ ప్రకటించారు. చెరకు వేసే రైతులు వరి వైపు మళ్లారు. అప్పటిదాకా 'చదువు అబ్బకపోతే ఫ్యాక్టరీ ఉందిలే' అన్న భరోసా ఇళ్లల్లో ఉండేది. ఆ భరోసా పోయాక ఇంటర్ మార్కుల మెమో బరువు పెరిగింది.

అందుకే బస్సులో కిటికీ పక్కన కూర్చున్న పిల్లాడు ప్రశ్నపత్రం విప్పి పెన్నుతో టిక్కులు పెడుతుంటాడు. ర్యాంకు కోసం కాదు, పాస్ కోసం. ఫిజిక్స్ 60 మార్కులకు. రెండు మార్కులవి పది, నాలుగు మార్కులవి ఆరు, ఎనిమిది మార్కులవి రెండు. పాస్ కావాలంటే 21. 'బిట్లకు ఎనిమిదొస్తయ్. పరావలయం రాసిన, నాలుగు. రోలర్‌కు బొమ్మ వేసిన, మూడన్న ఇయ్యరా? ఎనర్జీ లాంగ్ సగం రాసిన...' అని వేళ్ల మీద లెక్క. పందొమ్మిది తేలుతుంది. మళ్లీ మొదటి నుంచి. ఈసారి ఇరవై రెండు. స్టెప్ మార్కులు ఉంటాయని పక్కనున్న స్నేహితుడి ధైర్యం. జవాబు తప్పినా సూత్రం, బొమ్మ సరిగా ఉంటే కొన్ని మార్కులు పడతాయి మరి. ఆ 20 వచ్చిన కుర్రాడికి కూడా పూర్తిగా సున్నా పడదు.

ర్యాంకుల పిల్లలది వేరే లెక్క. ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉన్న రోజుల్లో ఒక్క నాలుగు మార్కుల ప్రశ్న పోయినా ర్యాంకు జారుతుందన్న దిగులు. ఎంసెట్ రాసిన సాయంత్రం జిరాక్స్ షాపుల ముందు కోచింగ్ సెంటర్ల 'కీ' కోసం క్యూలు కట్టేవారు. రెండు సెంటర్ల కీలు కలవకపోతే ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు. ఇప్పుడు పరీక్ష కంప్యూటర్ మీదకు మారింది. తెలంగాణలో వెయిటేజీ పోయింది, 2024లో పేరు కూడా ఎప్‌సెట్ అయింది. కీ అధికారికంగానే వస్తుంది, అభ్యంతరాలూ చెప్పుకోవచ్చు. చెట్టు కింది వాదనకే ఇప్పుడు దరఖాస్తు రూపం వచ్చిందన్నమాట. 2024 నీట్‌లో ఒక ఫిజిక్స్ ప్రశ్నకు రెండు జవాబులనూ ఒప్పుకుంటే గొడవ సుప్రీంకోర్టుకు ఎక్కింది. ఐఐటీ ఢిల్లీ నిపుణులు ఒక్కటే సరైనదని తేల్చారు. మొదటి ర్యాంకర్ల సంఖ్య 61 నుంచి 17కు పడిపోయింది.

'అయిపోయిన పరీక్ష గురించి మాట్లాడొద్దు, రేపటిది చదువుకోండి' అంటారు సార్లు. మంచి మాటే. కానీ ఎవరు వింటారు? ఒక్కోసారి వినకపోవడమే మేలు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో దొర్లిన తప్పులు ఎవరూ మరిచిపోలేదు. మంచిర్యాల జిల్లా అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు. తిరిగి చూస్తే 99. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైన అందరి పేపర్లనూ ఉచితంగా మళ్లీ పరిశీలిస్తే వెయ్యిమందికి పైగా పాసయ్యారు. మెమో ఒకటి చెబుతుంటే, 'లేదు, నేను రాసిన' అని గట్టిగా అనాలంటే ఏం రాశాడో పిల్లాడికి తెలియాలి. పక్కవాడితో పోల్చుకుని, టిక్కులు పెట్టుకుని దాచుకున్న ప్రశ్నపత్రం అప్పుడు చేతిలో సాక్ష్యం.

ఎడపల్లి వచ్చేసరికి బస్సులో సగం మంది నిద్రపోతారు. కిటికీ పక్క కుర్రాడు మాత్రం ఇంకా ఆ 20 దగ్గరే ఉన్నాడు. ప్రశ్నపత్రం అంచున కోణాన్ని రెట్టింపు చేసి మళ్లీ చేశాడు. 34.6 వచ్చింది. కింద గీత గీసి, కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. బోధన్ బస్టాండ్‌లో దిగుతుంటే వెనుక నుంచి ఎవరో అడిగారు.

'అరేయ్, ఎల్లుండి కెమిస్ట్రీ గదా... బాండింగ్ చదివినవా?'