వరసలో నిలబడ్డ కాలం ఎవరిది?

జాతరలో రంగులరాట్నం ఎక్కనివారు మీలో ఎవరూ ఉండరనుకుంటాను. మా కూసుమంచిలో కాకతీయుల కాలంనాటి గణపేశ్వరాలయం ఉంది. శివరాత్రికి అక్కడ జనం కూడినప్పుడు రాట్నాలవాళ్ళు కూడా వచ్చి దిగుతారు. లోపలికి పోవడానికి గేటు టిక్కెట్టంటూ ఉండదు. నచ్చిన రాట్నం దగ్గర డబ్బు ఇస్తాం, ఎక్కుతాం, తిరుగుతాం, దిగుతాం. ఒకడు మరీ ఎక్కువ అడిగితే నాలుగడుగులు వేసి పక్కవాడి దగ్గరకు పోతాం. ఇంటి నుంచి తెచ్చుకున్న సకినాలు చెట్టు కింద కూర్చుని తింటే కాదనేవారు లేరు.

పెద్ద నగరాల శివార్లలో ఉండే వినోద పార్కుల పద్ధతి వేరు. హైదరాబాదు చుట్టుపక్కల 1996లో రామోజీ ఫిలిం సిటీ, 2004లో మంచు గదుల స్నో వరల్డ్, 2016లో వండర్లా వచ్చాయి. ఇలాంటి చోట్ల గేటు దగ్గరే పెద్ద టిక్కెట్టు కొనాలి. అది కొన్నాక కూడా చెయ్యి జేబులోకి పోతూనే ఉంటుంది. ఎందుకని? ఇందులో కొంత భౌతికశాస్త్రం, కొంత గణితం ఉన్నాయి. నాకీ లెక్క నేర్పింది మాత్రం ఎనిమిదో తరగతి అమ్మాయి.

మూడేళ్ళ కిందట జనవరి నెలలో మా పాఠశాల పిల్లలు నలభై మందిని అటువంటి పార్కు ఒకదానికి తీసుకువెళ్ళాం. దాని పేరు అనవసరం, నేను చెప్పబోయే పద్ధతి ఏ ఒక్క పార్కుదీ కాదు. పాఠాలు పోకూడదని రెండో శనివారం ఎంచుకున్నాం. అది నా తెలివితక్కువ పని. అద్దె బస్సు తెల్లవారకముందే సూర్యాపేట దారి పట్టింది. పిల్లలు దారిపొడుగునా పాడుతూనే ఉన్నారు.

లోపలికి పోగానే ఖర్చు మొదలైంది. సంచులు దాచుకునే అరకు అద్దె. నీళ్ళ ఆటలకు నైలాను దుస్తులే వేసుకోవాలి, వాటికీ అద్దె. (ఈ నియమానికి కారణం ఉంది. నూలు బట్టల నుంచి ఊడే పీచు నీటిని వడగట్టే జల్లెడలకు అడ్డుపడుతుంది.) తిండి లోపలే కొనాలి. రైలు మీద కేకలు పెడుతుండగా యంత్రం తీసిన ఫొటో కావాలంటే దానికీ డబ్బు. ఆ అమ్మాయి దగ్గర 200 రూపాయలున్నాయి. అవి వాళ్ళమ్మ మిరప చేలో కాయ ఏరి తెచ్చిన కూలిలోంచి ఇచ్చినవి. మధ్యాహ్నానికి అందులో ఎక్కువ భాగం అయిపోయింది.

తరవాత మెలికలు తిరిగే ఎత్తు పట్టాల రైలు ముందు వరసలో నిలబడ్డాం. రోలర్ కోస్టర్ అంటారు దాన్ని. ఎండ బాగా ఉంది. మేము నిలబడిన పావుగంటకు, పక్కనున్న మరో ద్వారం గుండా కొందరు వచ్చి సరాసరి రైలెక్కేశారు. అమ్మాయి నా చొక్కా లాగి, "మనెనక వచ్చిండ్రు గదా సార్, ముందెట్ల ఎక్కిండ్రు?" అంది.

"వాళ్ళది వేరే టిక్కెట్టమ్మా. దాదాపు రెట్టింపు డబ్బు కట్టారు."

ఆమె కాసేపు ఊరుకుని, "నిలబడ్డది మనం గదా సార్, మరి ఆ పైసలు మనకెందుకియ్యరు?" అని అడిగింది.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చుంటే ఆ ప్రశ్న నవ్వులాటది కాదనిపించింది.

సోమవారం నల్లబల్ల మీద ముందు ఇంకో లెక్క వేశాం. ఆ రైలును ఒకసారి తిప్పడానికి ఎంత కరెంటు కావాలి? మనుషులతో కలిపి రైలు బరువు 8 టన్నులు, ఎక్కవలసిన ఎత్తు 36 మీటర్లు అనుకుందాం. గొలుసు దాన్ని పైకి లాగాలి. అంతే, తరవాత పనంతా భూమ్యాకర్షణే చూసుకుంటుంది. పైన ఉన్న స్థితిజశక్తి కిందికి దిగుతుంటే గతిజశక్తిగా మారుతుంది. మీకు తెలిసిన సూత్రమే: ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తు, ఈ మూడింటినీ గుణించాలి. 8,000 × 10 × 36 అంటే 28 లక్షల 80 వేల జౌళ్ళు. ఒక యూనిట్ కరెంటుకు 36 లక్షల జౌళ్ళు. అంటే ఒక యూనిట్ కూడా కాదు, 0.8 యూనిట్ మాత్రమే! మోటారులో, గొలుసులో వృథా అయ్యేది కలుపుకుని ఒకటిన్నర యూనిట్లు వేసుకోండి. ఇంట్లో 75 వాట్ల పంకా 20 గంటలు తిరిగితే అయ్యే ఖర్చు అది. రైల్లో 24 మంది కూర్చుంటే, యూనిట్‌కు పది రూపాయలు వేసుకున్నా మనిషికి రూపాయి కూడా పడదు.

పిల్లలు ఆశ్చర్యపోయారు. మరి వందల రూపాయలు ఎందుకు తీసుకుంటున్నట్టు?

ఖర్చు తిప్పడంలో లేదు, ఆ రైలు అక్కడ ఉండటంలో ఉంది. భూమి కొనాలి, యంత్రం తెప్పించాలి, కాంక్రీటు పునాదులు వెయ్యాలి. రోజూ జనం రాకముందే ఖాళీ రైలు తిప్పి చూడాలి. ఇరుసుల్లో కంటికి కనిపించని పగుళ్ళు ఉన్నాయేమో అతిధ్వని తరంగాల వంటి పద్ధతులతో పరీక్షించాలి. నీళ్ళ కొలనుల దగ్గర ఈత వచ్చిన కాపలాదారులు ఉండాలి. బీమా కట్టాలి. పన్ను సరేసరి. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చినప్పుడు ఇటువంటి పార్కుల ప్రవేశ టిక్కెట్టు మీద 28 శాతం వేశారు. 2018 జనవరిలో దాన్ని 18 శాతానికి తగ్గించారు. జనం వచ్చినా రాకపోయినా తప్పని ఖర్చులే వీటిలో ఎక్కువ. మంగళవారం నాడు ఖాళీగా తిరిగే కుర్చీకీ ఆదివారం నిండిన కుర్చీకీ ఖర్చు ఒకటే. అందుకే చాలా పార్కులు మామూలు రోజుల్లో ధర తగ్గిస్తాయి, బడిపిల్లల గుంపులకు రాయితీ ఇస్తాయి, సెలవు రోజుల్లో ధర పెంచుతాయి. నా రెండో శనివారం సంగతి ఇప్పుడు అర్థమైంది కదూ?

గేటు దగ్గర ఎంత తీసుకోవాలి, లోపల ఎంత తీసుకోవాలి అన్నది పెద్దవాళ్ళు బుర్రలు బద్దలు కొట్టుకున్న సమస్యే. 1955 జూలైలో అమెరికాలోని కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచినప్పుడు పెద్దల ప్రవేశ రుసుం ఒక్క డాలరు. లోపల ప్రతి ఆటకూ మళ్ళీ విడిగా కట్టాలి. మన జాతర పద్ధతికి గేటు తగిలించినట్టన్నమాట. కొద్ది నెలల్లోనే టిక్కెట్ల పుస్తకాలు వచ్చాయి. చిన్నపాటి ఆటకు 'ఎ' చీటీ, ఇంకాస్త మంచిదానికి 'బి', ఆపైన 'సి'. 1959 నాటికి అన్నిటికంటె గొప్ప ఆటలకు 'ఇ' చీటీ వచ్చింది. ఎవరి పుస్తకంలో చూసినా 'ఇ' చీటీలు ముందే అయిపోయి 'ఎ' చీటీలు మిగిలిపోయేవట. 1971లో వాల్టర్ ఓయ్ అనే ఆర్థికశాస్త్రవేత్త డిస్నీలాండ్‌నే ఉదాహరణగా తీసుకుని, గేటు ధర, లోపలి ధర అని రెండు భాగాలుగా వసూలు చేసే పద్ధతి మీద ఒక పెద్ద వ్యాసం రాశాడు. 1982లో చీటీలు తీసేసి, ఒకే టిక్కెట్టుతో అన్ని ఆటలూ అన్నారు.

దాంతో కొత్త చిక్కు వచ్చింది. ఆటకు విడిగా డబ్బు లేదంటే అందరూ మంచి ఆట దగ్గరికే పోతారు. డబ్బుకు బదులు కాలంతో ధర చెల్లించడం మొదలైంది. 1999లో డిస్నీవాళ్ళు ఒక ఉపాయం చేశారు. యంత్రంలోంచి వచ్చే చీటీ మీద 'ఫలానా వేళకు రండి' అని ఉంటుంది. అంతదాకా ఎక్కడైనా తిరగవచ్చు. అది ఉచితం. 2021లో దాన్ని తీసేసి, త్వరగా ఎక్కాలంటే డబ్బు కట్టే పద్ధతి పెట్టారు. మన దేశంలో కూడా కొన్ని పెద్ద పార్కులు అటువంటి టిక్కెట్లు అమ్ముతున్నాయి. మన పెద్ద గుళ్ళలో ప్రత్యేక దర్శనం టిక్కెట్టు చూసినవారికి ఇదేమీ కొత్త కాదు.

ఇప్పుడు అమ్మాయి ప్రశ్న దగ్గరకు వద్దాం. డబ్బు కట్టిన మనిషికి నిరీక్షణ తగ్గింది. ఆ తగ్గిన కాలం ఎక్కడికి పోయింది?

రైల్లో 24 మంది పడతారు, ఎక్కి తిరిగి దిగడానికి 4 నిమిషాలు పడుతుంది అనుకుందాం. వరసలో 240 మంది ఉన్నారు. అంటే పది జట్లు. మొదటి జట్టు ఆగనక్కర లేదు. రెండో జట్టు 4 నిమిషాలు, మూడోది 8, అలా పదో జట్టు 36 నిమిషాలు ఆగాలి. సగటు 18 నిమిషాలు. అందరూ ఆగిన కాలం మొత్తం కలిపితే 240 × 18, అంటే 4,320 నిమిషాలు.

చివరి రెండు జట్లలోని 48 మంది ఎక్కువ డబ్బు కట్టి ముందుకు వచ్చారనుకోండి. మామూలుగా అయితే వారిలో సగం మంది 32 నిమిషాలు, సగం మంది 36 నిమిషాలు ఆగవలసినవారు. ఇప్పుడు సగం మంది అసలు ఆగలేదు, సగం మంది 4 నిమిషాలు ఆగారు. ఒక్కొక్కరికి 32 నిమిషాలు కలిసి వచ్చాయి. 48 మందికి కలిపి 1,536 నిమిషాలు. బాగానే ఉంది. మిగిలిన 192 మంది మాటేమిటి? ప్రతి ఒక్కరూ రెండు జట్లు వెనక్కి పోయారు. ఒక్కొక్కరికి 8 నిమిషాలు పెరిగాయి. 192ను 8తో గుణించి చూడండి. 1,536!

ఒక్క నిమిషం తేడా లేదు. మొత్తం నిరీక్షణ అప్పుడూ 4,320 నిమిషాలే, ఇప్పుడూ 4,320 నిమిషాలే. డబ్బు కట్టిన ఒక మనిషికి మిగిలిన 32 నిమిషాలు నలుగురి దగ్గర ఎనిమిదేసి చొప్పున తీసుకున్నవన్నమాట. మీరు శక్తి నిత్యత్వ నియమం చదువుకున్నారు కదా. శక్తిని సృష్టించలేం, నాశనం చేయలేం, ఒక చోటి నుంచి మరో చోటికి మార్చగలం. వరసలో కాలం కూడా అలాగే ప్రవర్తిస్తుంది. ఇది నా కల్పన కాదు. వరసల గణితానికి పునాది వేసినవాడు డెన్మార్క్ దేశపు ఎర్లాంగ్. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీ కోసం పనిచేస్తూ, టెలిఫోను పిలుపుల రాక మీద 1909లో ఆయన తొలి వ్యాసం ప్రచురించాడు. 1965లో అమెరికాకు చెందిన లియొనార్డ్ క్లైన్‌రాక్ వరసలకు ఒక నిత్యత్వ నియమమే రుజువు చేశాడు. యంత్రం ఖాళీగా ఊరుకోకుండా, వేగం మారకుండా ఉంటే, ఎవరిని ముందు పంపినా మొత్తం నిరీక్షణ మారదు. తరవాత ఇంటర్నెట్‌కు దారితీసిన కంప్యూటర్ల అనుసంధానంలో 1969లో మొదటి సందేశం వెళ్ళింది ఈయన ప్రయోగశాల నుంచే. తీగల్లో సమాచారం కూడా వరసలో నిలబడవలసిందే మరి!

కాబట్టి పార్కు అమ్మినది వేగం కాదు. రైలు వేగం ఏమీ పెరగలేదు. అది అమ్మినది 192 మంది ఎనిమిది నిమిషాలను. డబ్బు గల్లాపెట్టెలోకి వెళ్ళింది, నిమిషాలు ఇచ్చినవారికి ఏమీ రాలేదు. అమ్మాయి అడిగినదీ ఇదే.

రెండో పక్షం వాదన కూడా చెప్పాలి. ఆ అదనపు డబ్బు రాకపోతే అందరి గేటు టిక్కెట్టూ పెంచవలసి వస్తుంది, అంటే ఎనిమిది నిమిషాలు ఆగినవారికి ధరలో ఆ మేరకు మేలు జరుగుతున్నట్టే అనవచ్చు. గేటు ధర నిజంగా తగ్గిన చోట ఈ మాట ఒప్పుకుంటాను. గేటు ధరా పెరిగి, త్వరగా ఎక్కే టిక్కెట్టూ అమ్ముడుపోయే చోట మాత్రం ఒప్పుకోలేను. త్వరగా ఎక్కేవాళ్ళు ఎంతమంది ఉండవచ్చో హద్దు లేకపోతే ఇంకో తమాషా జరుగుతుంది. 240 మందీ ఆ టిక్కెట్టే కొన్నారనుకోండి. మళ్ళీ అదే వరస, అవే 18 నిమిషాలు! జేబులు మాత్రం ఖాళీ.

నిరీక్షణ నిజంగా తగ్గాలంటే రైలు పని పెరగాలి. ఒక జట్టు తిరుగుతూ ఉండగానే ఇంకో జట్టును మరో రైల్లో ఎక్కించి సిద్ధంగా ఉంచవచ్చు. ఒక్కరుగా వచ్చినవారిని పిలిచి ఖాళీ కుర్చీల్లో కూర్చోబెట్టవచ్చు. నలుగురు స్నేహితులు విడిపోమని పట్టుబట్టడం వల్ల ప్రతిసారీ రెండు కుర్చీలు ఖాళీగా పోతే, గంటకు 15 సార్లు తిరిగే రైల్లో 30 మంది చోటు వృథా అవుతుంది. ఈ కాలాన్ని ఎవరి దగ్గరా తీసుకోనక్కర లేదు.

నిరుడు శివరాత్రికి మా పిల్లలు చేతిగడియారాలతో రాట్నం దగ్గర కాపు వేశారు. రాట్నం అతను మొదట అనుమానంగా చూశాడు గాని, తరవాత తనే లెక్క చెప్పసాగాడు. తిరిగేది 4 నిమిషాలు. ఒక్కొక్క తొట్టిని కిందికి తెచ్చి, ఆపి, ఉన్నవారిని దించి, కొత్తవారిని ఎక్కించడానికి 6 నిమిషాలు. ఆ అమ్మాయి ఇప్పుడు పెద్ద తరగతికి వచ్చింది. కాగితం మీద రాసుకున్నది రెండుసార్లు సరిచూసి అతనితో, "అన్నా, నువ్వు రాట్నం జోరుగా తిప్పితే లైను తగ్గదే. ఎక్కించెటోళ్ళు ఇద్దరుండాలె" అంది. అతను తల గోక్కుని, మిఠాయి దుకాణం దగ్గర నిలబడ్డ తమ్ముణ్ణి కేకేశాడు. తరవాతి ఆటకు ఎక్కించి దించడం నాలుగున్నర నిమిషాల్లో అయిపోయింది.