ఎనిమిదో తరగతికి సీటెక్కడ?

2001 జనాభా లెక్కల్లో బెంగళూరు అర్బన్ జిల్లా జనం 65.37 లక్షలు. 2011 నాటికి 96.21 లక్షలయ్యారు. అంటే పదేళ్ళలో 30.84 లక్షల మంది పెరిగారు. అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి బతుకుతెరువుకు వెళ్ళిన మనవాళ్ళూ వీళ్ళలో ఉన్నారు. 2021లో జరగాల్సిన జనగణన 2027కు వాయిదా పడింది కాబట్టి, ఆ తర్వాత నగరం ఎంత పెరిగిందో చెప్పే పక్కా లెక్క ఇప్పటికీ లేదు. పాత అంకెలతోనే ఒక లెక్క వేసి చూద్దాం.

కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్రతి 7,500 మంది జనాభాకు ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా ఉండే బడి ఒకటి కావాలి. అందులో వెయ్యి మంది పిల్లలు చదువుకోవాలి. ఆటస్థలంతో కలిపి 1.8 హెక్టార్లు, మన లెక్కలో దాదాపు నాలుగున్నర ఎకరాలు ఉండాలి. 30.84 లక్షలను 7,500తో భాగిస్తే 411 బడులొస్తాయి. ఏడాదికి 41. వాటికి కావాల్సిన భూమి 1,830 ఎకరాలు. లాల్‌బాగ్ విస్తీర్ణం 240 ఎకరాలు కాబట్టి, అలాంటివి ఏడున్నర తోటలంత నేల అన్నమాట. ఇన్ని బడులూ ప్రభుత్వమే కట్టాలని ఎవరూ అనరు. ప్రైవేటు, ఎయిడెడ్ బడులు కూడా ఈ లెక్కలోవే. కానీ ఎవరు కట్టినా నేల కావాలి. బెంగళూరులో అన్నిటికంటే ముందు చేజారిపోయేది అదే.

ఇప్పుడు లక్ష మంది ఉండే ఒక ప్రాంతాన్ని తీసుకుందాం. 2011లోనే బెళ్ళందూరు వార్డులో 80 వేల మంది ఉన్నారు కాబట్టి ఇది ఊహకందని అంకె కాదు. ఒక్కో వయసు పిల్లలు జనాభాలో ఒకటిన్నర శాతం ఉంటారనుకుంటే, ఒక్కో తరగతికి 1,500 మంది. కర్ణాటకలో హైస్కూలంటే ఎనిమిది, తొమ్మిది, పది. మూడు తరగతులకూ కలిపి 4,500 మంది. గదికి 40 మంది చొప్పున 113 గదులు కావాలి. తరగతికి మూడేసి సెక్షన్లున్న హైస్కూలు 360 మందిని చేర్చుకోగలదు. అలాంటివి పన్నెండు కట్టినా ఇంకా 180 మంది మిగులుతారు.

ఈ లెక్కలో ఎనిమిదో తరగతికి ప్రత్యేకమైన బరువుంది. కర్ణాటకలో చాలా సర్కారు ప్రాథమికోన్నత పాఠశాలలు ఏడుతోనే ఆగిపోతాయి. ఏడో తరగతి అయ్యాక పిల్ల టీసీ తీసుకుని ఇంకో బడి గడప తొక్కాలి. సర్జాపుర రోడ్డులో కొత్త అపార్ట్‌మెంట్ కడుతున్న మేస్త్రీ కూతురికి ఆ రెండో గడప ఎక్కడుందన్నదే ప్రశ్న. దగ్గర్లో ఉంటే చదువుతుంది. రెండు బస్సులు మారాలంటే ఇంట్లో తమ్ముణ్ణి చూసుకోవడానికి ఉండిపోతుంది. విద్యాహక్కు చట్టం ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకానే అండగా నిలుస్తుంది. తొమ్మిది, పది తరగతులు దాని పరిధిలో లేవు. ఆ చట్టం కింద ప్రైవేటు బడిలో ఉచిత సీటు దొరికిన పిల్లకి కూడా తొమ్మిదికి వచ్చేసరికి ఫీజు రసీదు చేతిలో పెడతారు. 2023-24లో దేశం మొత్తం మీద బడి మానేసినవాళ్ళు ప్రాథమిక స్థాయిలో 1.9 శాతం, ప్రాథమికోన్నతంలో 5.2 శాతం ఉంటే, తొమ్మిది, పది తరగతుల్లో 14.1 శాతం ఉన్నారు. పేదరికం, పెళ్ళిళ్ళు, పనులు, ఇలా కారణాలెన్నో ఉన్నాయి. దూరం కూడా వాటిలో ఒకటి. ప్రభుత్వం తలచుకుంటే తగ్గించగలిగిన కారణం అది.

దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే చాలదు. 2009లో మొదలైన రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్ ప్రతి ఆవాసానికీ 5 కిలోమీటర్ల లోపు హైస్కూలు ఉండాలంది. పల్లెటూళ్ళో ఐదు కిలోమీటర్లంటే సైకిల్ దూరం. బెంగళూరులో పాణత్తూరు రైల్వే అండర్‌పాస్ దగ్గర పొద్దున ఎనిమిదింటికి నిలబడి చూస్తే ఒక్క కిలోమీటరుకు కూడా ఎంత సమయం పడుతుందో తెలుస్తుంది. ఆ ఇరుకు దారిలో లారీలు, టెకీల కార్లు, స్కూలు వ్యాన్లు అన్నీ ఒకేసారి దూరాలి. 2025 సెప్టెంబరులో ఆ పక్కనే బళగెరె రోడ్డులో పిల్లలున్న స్కూలు బస్సు గుంతలో పక్కకు ఒరిగిపోయింది. మ్యాపు మీద గీసిన ఐదు కిలోమీటర్ల వలయంలో బడి ఉన్నా, మధ్యలో అవుటర్ రింగ్ రోడ్డో రైలు పట్టాలో ఉంటే ఆ సీటు ఉన్నా లేనట్టే.

నిజానికి హైస్కూలు సీట్ల లెక్క అంత కష్టమైంది కాదు. ఈ ఏడాది ఒకటో తరగతి రిజిస్టరులో ఉన్న పేర్లే ఏడేళ్ళ తర్వాత ఎనిమిదో తరగతికొస్తాయి. బడి మానేసేవాళ్ళెందరో, వలస వచ్చేవాళ్ళెందరో గత నాలుగైదేళ్ళ రిజిస్టర్లు చూస్తే అంచనాకు అందుతుంది. ఒకటిలో 100 మంది ఉన్న చోట ఏడుకొచ్చేసరికి 120 మంది ఉంటే ఆ ప్రాంతం నిండుతోందని అర్థం. దానికి కొత్తగా అనుమతి పొందిన ఫ్లాట్ల సంఖ్య కలుపుకోవాలి. అసలు లోపం ఇక్కడే ఉంది. వెయ్యి ఫ్లాట్ల టవర్లు కట్టాలంటే బిల్డరు నీటి బోర్డు, విద్యుత్ సంస్థ బెస్కాం, అగ్నిమాపక శాఖ, కాలుష్య నియంత్రణ మండలి నుంచి ఎన్‌ఓసీలు తెచ్చుకోవాలి. నీళ్ళెన్ని, కరెంటెంత అన్నవి లెక్క తేలాకే పునాది పడుతుంది. పిల్లలెందరొస్తారని అడిగే శాఖ ఆ జాబితాలో లేదు. ఇంగ్లండ్‌లో బడి సీట్లు చాలినన్ని ఉండేలా చూడటం 1996 విద్యాచట్టం 14వ సెక్షన్ ప్రకారం స్థానిక సంస్థల బాధ్యత. కొత్త ఇళ్ళు కట్టేవాళ్ళ నుంచి బడుల కోసం సొమ్మో స్థలమో రాబట్టుకునే దారి కూడా వాళ్ళ ప్లానింగ్ చట్టంలో ఉంది.

మనకు చట్టమే లేదనుకోవద్దు. బెంగళూరు అభివృద్ధి సంస్థ (బీడీఏ) చట్టం లేఅవుట్లలో 15 శాతం పార్కులు, ఆటస్థలాలకూ, దానికి అదనంగా 10 శాతం పౌర సదుపాయాలకూ కేటాయించమంటుంది. బెంగళూరువాళ్ళు సీఏ సైట్లనేది ఈ పౌర సదుపాయాల స్థలాలనే. అయితే వైట్‌ఫీల్డ్, వర్తూరు, సర్జాపుర వైపు పెరుగుదలలో ఎక్కువ భాగం బీడీఏ లేఅవుట్లలో జరగలేదు. పొలాలు ఒక్కొక్కటిగా కన్వర్షన్ అయి అపార్ట్‌మెంట్లయ్యాయి. 2007లో 110 పల్లెలను నగరపాలికలో కలిపారు. పాలిక హైస్కూళ్ళు మాత్రం ఎక్కువగా పాత నగరంలోనే ఉండిపోయాయి. ఇక మాస్టర్ ప్లాన్ సంగతి. 2015 దాకా ఉద్దేశించి 2007లో ఆమోదించిన ప్లానే ఇప్పటికీ ఆధారం. 2031కి జనాభా 2.03 కోట్లవుతుందని లెక్కగట్టి 2017లో తెచ్చిన ముసాయిదాను 2020లో వెనక్కి తీసుకున్నారు. ఎక్కడ ఎంతమంది ఉంటారో చెప్పే కాగితం లేనప్పుడు, ఫలానా సర్వే నంబరులో నాలుగున్నర ఎకరాలు బడికి ఉంచండని ఏ అధికారి అడగగలడు?

2025 సెప్టెంబరు నుంచి బెంగళూరుకు ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. ప్రతి కార్పొరేషన్ వార్డులవారీగా ఒకటో తరగతి పిల్లల సంఖ్య, అనుమతిచ్చిన ఫ్లాట్లు, మిగిలిన సీఏ సైట్లు ఒకే పట్టికలో పెట్టి ఏటా ప్రకటించాలి. 2027 జనగణనలో వయసులవారీ అంకెలు వచ్చాక దాన్ని సరిదిద్దుకోవచ్చు. 2026 జూన్‌లో ఒకటో తరగతిలో చేరే పిల్ల 2033 జూన్‌లో ఎనిమిదికి వస్తుంది. స్థలం చేతికి రావడానికి, టెండర్లకు, కట్టడానికి, టీచర్ పోస్టుల మంజూరుకు కలిపి నాలుగేళ్ళు వేసుకున్నా, ఆ బడి ఎక్కడ కట్టాలో 2029 జూన్ నాటికి తేలిపోవాలి.