హంసలదీవి ఇసుక కింద

చల్లపల్లి నుంచి మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు దాటి వెళితే దివిసీమ కొసన హంసలదీవి. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. మాఘ పౌర్ణమికి సింధు స్నానాలకని జనం వేలల్లో వస్తారు. తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చేదీ ఆ రోజుల్లోనే.

ఆడ తాబేలు రాత్రివేళ ఇసుక మీదికి పాకి వచ్చి, వెనక కాళ్లతో మూరెడు లోతు గుంట తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతుంది. మళ్లీ వెనక్కి రాదు. మిగతా పనంతా ఎండదే. పుట్టబోయేది ఆడదో మగదో తేల్చేది కూడా ఆ వేడే. పొదిగే కాలం నడిమి రోజుల్లో ఇసుక సుమారు 30 డిగ్రీలు దాటి వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగవి ఎక్కువ. భూమి వేడెక్కుతున్న కొద్దీ మగ తాబేళ్లు కరువవుతాయేమోనని శాస్త్రవేత్తల దిగులు.

నక్కలు, కుక్కలు గుంటలు తవ్వేస్తాయి గనుక అటవీశాఖ వాళ్లు గుడ్లు ఏరి, కంచె వేసిన హేచరీల్లో మళ్లీ పాతిపెడతారు. అది చూసి మనమూ ఓ చెయ్యి వేద్దామనుకోకూడదు. గుడ్డు పెట్టిన కొద్ది గంటలకే లోపలి పిండం పెంకు పైభాగానికి అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డును అటూ ఇటూ తిప్పితే అతుకు తెగి పిండం చచ్చిపోవచ్చు. పైకి మాత్రం గుడ్డు నిక్షేపంలా ఉంటుంది!

45 నుంచి 60 రోజులకు పిల్లలు గుంపుగా, ఎక్కువగా రాత్రిపూట, ఇసుక చల్లబడ్డాక బయటికొస్తాయి. సముద్రం ఎటుందో వాటికి చెప్పేది వెలుతురే. నేల వైపు చెట్లూ దిబ్బలూ నల్లగా ఉంటాయి. నీటి మీద ఆకాశపు కాంతి పడి ఆ వైపు కాస్త తెల్లగా ఉంటుంది. పిల్లలు ఆ తెలుపు వైపు పరుగు తీస్తాయి. ఒడ్డున కారు లైటో, సెల్‌ఫోన్ టార్చో వెలిగితే అటే తిరుగుతాయి. దారి తప్పినవి తెల్లారేసరికి కాకుల పాలు. వాటిని చూడాలని ఉంటే అటవీ సిబ్బంది పిల్లల్ని నీట్లోకి వదిలే వేళ కనుక్కుని వెళ్లడం మేలు. లైటు వేసుకుని రాత్రి తిరిగేవాళ్లను నేనైతే ప్రకృతి ప్రేమికులనను.

ప్లాస్టిక్ సంగతి, 2014 నుంచి తెల్లవారకముందే చీపుళ్లు పట్టే స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలకు వేరే చెప్పక్కర్లేదు. నీళ్లలో తేలే సంచిని జెల్లీచేప అనుకుని తాబేళ్లు మింగుతాయి.

ఇక ఇసుక వెనకాల మడ అడవి. సుమారు 195 చదరపు కిలోమీటర్ల కృష్ణా అభయారణ్యం అదే. పోటు నీటికి చేపలొస్తాయి, చేపల కోసం నీటిపిల్లి వస్తుంది. తాబేలులాగే ఇదీ ముప్పున్న జీవుల ప్రపంచ జాబితాలో ఉంది. పిల్లి కనబడకపోయినా పాటు వేళ బురదలో దాని అడుగులు కనబడవచ్చు. మామూలు పిల్లి అడుగులో గోళ్ల జాడ ఉండదు. నీటిపిల్లి గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు గనుక ఆ గుర్తులు పడే వీలుంది. ఉదయం పూట, పడవలోంచి, దిగకుండా చూడాలి. దిగితే మడ మొక్కలు ఊపిరి తీసుకునే వేళ్లు కాలి కింద విరుగుతాయి.