వాన కబురు వూరి దాకా రావాలి

మిరుగం వచ్చిందంటే కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల రైతులు మొగులు వైపు చూస్తారు. తొలివాన పడగానే పత్తిగింజ పెట్టాలా, ఇంకో వాన దాకా ఆగాలా అన్నదే వారి ముందున్న ప్రశ్న. గింజ పెట్టాక పదిరోజులు వాన ముఖం చాటేస్తే అది భూమిలోనే మాడిపోతుంది. మళ్ళీ విత్తనం కొనాలి, మళ్ళీ కూలి పెట్టాలి. తేలిక నేలల్లో 50 నుంచి 60 మిల్లీమీటర్లు, బరువు నేలల్లో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే పత్తి పెట్టాలని శాస్త్రజ్ఞులు చెబుతారు. మరి ఎంత వాన పడిందో, రేపు పడుతుందో లేదో రైతుకు తెలిసేదెలా?

లెక్కలు వున్నాయి

ఈ లెక్కలు సర్కారు దగ్గర వున్నాయి. అవి రహస్యమేమీ కాదు. 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖ తన హైదరాబాద్ కేంద్రం నుంచి జిల్లాల వారీగా రోజూ సూచన ఇస్తుంది. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థ మండలాల్లో ఆటోమేటిక్ యంత్రాలు పెట్టి వాన, ఎండ, గాలి కొలుస్తోంది. జగిత్యాల దగ్గర పొలాసలోని వ్యవసాయ పరిశోధనా స్థానం మంగళ, శుక్రవారాల్లో పంటల సలహాలు వెలువరిస్తుంది. 2019లో వచ్చిన ‘మేఘదూత్’ యాప్‌లో ఇవి తెలుగులోనే దొరుకుతాయి. 2024 అక్టోబరులో గ్రామ పంచాయతీల వారీ సూచన కూడా మొదలైంది. దానిని ‘మేరీ పంచాయత్’ యాప్‌లో చూడవచ్చు. వీటికి పైసా కట్టనక్కర లేదు.

మాటల వెనుక లెక్క

సూచనలోని మాటలకూ లెక్క వుంది. ‘ఒకటి రెండు చోట్ల వాన’ అంటే జిల్లాలోని కేంద్రాల్లో పావు వంతుకు మించి పడదని అర్థం. దానిని నమ్ముకుని విత్తడం మంచిది కాదు. ‘చాలా చోట్ల’ అంటే సగానికి పైగా. ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం. పసుపు రంగు గమనించమని, నారింజ రంగు సిద్ధంగా వుండమని, ఎరుపు వెంటనే కదలమని చెబుతాయి.

పంచాయతీ బోర్డు మీద రాయాలి

2022 జులైలో కడెం ప్రాజెక్టుకు గేట్లు వదలగలిగిన దానికన్నా ఎక్కువ వరద వచ్చింది. దిగువ వూళ్ళను ఖాళీ చేయించవలసి వచ్చింది. అలాంటి రాత్రి కబురు అందడమే ప్రాణం నిలబెడుతుంది. కాని ఫోను లేని వారికి, చదువు రాని వారికి, సిగ్నల్ అందని అడవి గూడేలకు యాప్ వున్నా లేనట్టే. పైగా రైతులకు దగ్గరగా వుండి సలహాలిచ్చిన 199 జిల్లాస్థాయి వ్యవసాయ వాతావరణ విభాగాలు దేశమంతటా 2024లో మూతపడ్డాయి.

ఇందుకు పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. పంచాయతీ కార్యదర్శి రోజూ పొద్దున నిన్నటి వాన, రేపటి సూచన రెండు వరుసల్లో బోర్డు మీద రాయిస్తే చాలు. ఎరుపు హెచ్చరిక వచ్చిన నాడు డప్పు చాటింపు వేయించాలి. ప్రజల సొమ్ముతో కొలిచిన వాన లెక్క ప్రజలదే. గ్రామసభలో దానిని అడిగి రాయించుకునే హక్కు ప్రతి రైతుకూ వుంది.