ఓవర్‌హాలింగు చేసిన పవర్ టిల్లరు సరిగా నడవకున్నచో

వానాకాలపు నాట్లకు ముందు పవర్ టిల్లరు ఇంజను విప్పించి లైనరు, పిస్టను, రింగులు కొత్తవి వేయించుట రైతులకు అలవాటే. ఒక్కొక్కసారి ఇంత ఖర్చు పెట్టిన పిమ్మట కూడ ఇంజను ఎంత తిప్పినను అందుకొనదు. అందుకొన్నను పొగ చిమ్మును, దమ్ములో దిగగానే ఆగిపోవును. ఈలోగా నారుమడిలో నారు ముదురును. ముదురు నారు నాటిన పొలములో పిలకలు తగ్గును, దిగుబడియు తగ్గును. ఆ తొందరలో రైతు ఇంజనును మరల విప్పించును. ఇది తగదు. కొత్తగా బిగించిన ఇంజనులో లోపము తరచుగా వెలుపలనే ఉండును. కావున హెడ్డు విప్పుటకు ముందు ఈ క్రింది పరీక్షలను వరుసగా చేయవలెను. ఇవి ఒకే సిలిండరు గల డీజిలు ఇంజనుకు వర్తించును.

1. గవర్నరు: దీనిని ఇంజను నడుపక ముందే చూడవలెను. డీజిలు పంపును బిగించునపుడు దాని ర్యాకు కొన గవర్నరు ఫోర్కులో కూర్చొనవలెను. కూర్చొననిచో ఇంజను అదుపు తప్పి విపరీతమైన వేగముతో తిరుగును. అప్పుడు లివరు మూసినను ఆగదు, ప్రాణాపాయము కూడ కలుగవచ్చును. కావున మొదటిసారి నడుపునపుడు ఒక చెక్కపలకను దగ్గర ఉంచుకొనవలెను. వేగము మితిమీరినచో దానితో గాలి పోవు దారిని మూయవలెను. చేతితో ఎన్నడును మూయరాదు.

2. డీజిలు: గొట్టములు విప్పి బిగించినపుడు వానిలో గాలి చేరును. ఫిల్టరు వద్ద మరను వదులు చేసి, బుడగలు లేని డీజిలు వచ్చు వరకు విడువవలెను. తరువాత పంపు వద్దను, నాజిలు గొట్టపు నట్టు వద్దను అట్లే చేయవలెను. మరల బిగించి హాండిలు త్రిప్పినపుడు నాజిలు నుండి కిర్రుమను శబ్దము వినిపించవలెను.

శబ్దము లేకున్నను, నల్లపొగ వచ్చుచున్నను నాజిలును అనుమానింపవలెను. దాని జల్లుకు చేయి అడ్డుపెట్టరాదు. ఆ ఒత్తిడికి డీజిలు చర్మములోనికి దూరును. పరీక్షకు ఇంజనునంతయు పట్టణమునకు మోయనక్కరలేదు. మహబూబ్‌నగరు వైపు రైతులు దగ్గరలో పరీక్ష వసతి లేనిచో, ఇంజెక్టరును మాత్రము విప్పి, శుభ్రమైన గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టుకొని రైలులో వచ్చి కాచిగూడలో దిగవచ్చును. నగరములోని డీజిలు పంపుల మరమ్మతు శాలలలో దానిని ఒత్తిడి మిషనుపై పరీక్షింతురు. మంచి నాజిలు పొగమంచు వలె చిమ్మును, చుక్కలు కార్చదు.

3. గాలి: ఎయిరు క్లీనరు మూసుకొని పోయినను, అందు ఆయిలు గుర్తుకు మించినను నల్లపొగ వచ్చును. విప్పినపుడు గొట్టమునకు కుక్కిన గుడ్డను తీయుట మరచిరేమో కూడ చూడవలెను.

4. వాల్వుల సందు: ఇంజను చల్లగా నున్నపుడు, రెండు వాల్వులును మూసుకొన్న స్థితిలో, ఫీలరు గేజితో కొలువవలెను. కొలత ఇంజనుతో వచ్చిన పుస్తకములో ఉండును. సందు చాలనిచో వాల్వు పూర్తిగా మూసుకొనక బలము పోవును, క్రమముగా వాల్వు కాలిపోవును. హెడ్డు బోల్టులను మరల బిగించిన ప్రతిసారి ఈ సందును సరిచూడవలెను.

5. పంపు షిమ్ములు: పంపు క్రింద నుండు పలుచని రేకులను విప్పినపుడు ఎన్ని యున్నవో అన్నియే తిరిగి వేయవలెను. ఎక్కువైనచో డీజిలు ఆలస్యముగా పడి తెల్లపొగ వచ్చును, ఇంజను లాగదు. తక్కువైనచో ముందుగా పడి ఇంజను కొట్టుకొనును. పళ్లచక్రముల గుర్తులు ఒక్క పన్ను తప్పినను ఇట్టి చిక్కులే కలుగును.

6. కంప్రెషను: పై వన్నియు సరిగా నున్నప్పుడే దీనిని చూడవలెను. డీజిలు మూసి, హాండిలును బిగువు తగులు వరకు త్రిప్పి, అక్కడ నొక్కి పట్టి వినవలెను. బుసబుస శబ్దము ఎయిరు క్లీనరులో వినిపించినచో లోనికి గాలి తీయు వాల్వు, సైలెన్సరులో వినిపించినచో పొగ వాల్వు కారుచున్నట్లు తెలియవలెను. ఆయిలు పోయు రంధ్రములో వినిపించినచో లోపము రింగులది. రేడియేటరు నీటిలో బుడగలు లేచినచో గాస్కెట్టుది. ఇప్పుడే హెడ్డు విప్పించుట న్యాయము, ఏమి చూడవలెనో మేస్త్రీకి ముందుగనే చెప్పవచ్చును.

కొత్త రింగులు లైనరుతో కుదురుకొను వరకు కొద్దిగా నీలిపొగ వచ్చుట సహజము. దానిని చూచి భయపడరాదు. రింగులు కుదురుటకని ఇంజనును గంటల తరబడి ఖాళీగా నడుపుట మాత్రము పొరపాటు. దాని వలన లైనరు నునుపెక్కి ఆయిలు త్రాగు గుణము నిలిచిపోవును. మొదటి రోజులలో పొడి నేలలో తేలిక పనులు చేయించి, బరువును క్రమముగా పెంచవలెను. మొదటి 25, 30 గంటల పని తరువాత ఆయిలు మార్చి, ఆ పిమ్మట దమ్ములో దించవలెను. కావున ఓవర్‌హాలింగును నారు పోయుటకు ముందే ముగించుకొన్న రైతు, లోపము కనిపించినను నాట్ల వేళకు దానిని సరిచేసుకొనగలడు.