గుడివాడను వదులుకుని... హిందూపురాన్ని నిలుపుకుని!

కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టారు. వెండితెర మీద రాముడూ, కృష్ణుడూ ఆయనే. పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే ముఖ్యమంత్రి అయ్యారు. అంతటి ఎన్టీ రామారావు ఎక్కువ కాలం ఎమ్మెల్యేగా ఉన్నది ఎక్కడ? సొంతూరికి దగ్గరి గుడివాడలో కాదు. తొలి ఎన్నికలోనే గెలిపించిన తిరుపతిలోనూ కాదు. కర్ణాటక సరిహద్దును ఆనుకుని, వాన కోసం ఆకాశం వంక చూసే హిందూపురంలో! 1985 మార్చి నుంచి 1996 జనవరి 18న కన్నుమూసే దాకా ఆయన హిందూపురం ఎమ్మెల్యేనే. ఆ పదకొండేళ్లలో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యారు, ప్రతిపక్ష నేత అయ్యారు, మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు, చివరికి సొంత పార్టీకే దూరమయ్యారు. హిందూపురం మాత్రం ఆయన్ను వదల్లేదు.

మూడు సీట్లు... ఒక ఊరు

1985 ఎన్నికలనాటికి ఎన్టీఆర్ ప్రభ మామూలుగా లేదు. అంతకు ముందు ఏడాది ఆగస్టు 16న గవర్నర్ ఆయన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. నాదెండ్ల భాస్కరరావు గద్దెనెక్కారు. ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి తెలుగుదేశం వారిని కర్ణాటకకు తరలించింది. అక్కడ రామకృష్ణ హెగ్డే ప్రభుత్వం ఆదరించింది. బెంగళూరు దగ్గరి నందికొండల మీద విడిది. సరిగ్గా నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి. ఆ నందికొండల్లోనే పెన్న పుడుతుంది. కర్ణాటక దాటి ఆంధ్రలో అడుగుపెట్టేది హిందూపురం ప్రాంతంలోనే. ఎమ్మెల్యేలు తలదాచుకున్న కొండకూ, మరుసటి ఏడాది ఎన్టీఆర్ ఎంచుకున్న ఊరికీ మధ్య దూరం ఎంతో లేదు.

1985లో ఆయన మూడు చోట్ల నామినేషన్ వేశారు. కోస్తాకు గుడివాడ, తెలంగాణకు నల్గొండ, రాయలసీమకు హిందూపురం. రాష్ట్రమంతా నాదేనని చెప్పడమే ఉద్దేశం. మూడింటా గెలిచారు. ఒకటే ఉంచుకోవాలి. నిమ్మకూరు పక్కనే ఉన్న గుడివాడను వదిలేశారు. నల్గొండనూ వదిలేశారు. హిందూపురాన్ని నిలుపుకున్నారు.

హిందూపురంలో ఆయనకు బంధుబలగం లేదు. సొంత సామాజికవర్గం ఓట్లతో గట్టెక్కే నియోజకవర్గం కాదది. కురుబలు, బోయలు, ముస్లింలు, చేతిపనుల వాళ్లు. చింతపండు, బెల్లం, మిరప, పట్టుగూళ్ల వ్యాపారం. వీధిలో తెలుగుతో పాటు కన్నడం, ఉర్దూ వినిపించే ఊరు. వెనుకబడిన వర్గాలను కూడగట్టి పార్టీని నిలబెట్టాలనుకున్న నాయకుడికి అంతకన్నా సరైన చోటు ఏముంటుంది? పైగా 1983లోనే ఇక్కడ తెలుగుదేశం జెండా ఎగిరింది. గెలుపు గ్యారంటీ అన్న లెక్క కూడా ఉండే ఉంటుంది. సినిమా మనిషే కానీ, ఎన్నికల లెక్కలు తెలియని మనిషి కాదు.

ఆ రోజుల్లోనే తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. కరణాలు, మునసబుల వ్యవస్థ అంతకు ముందే 1984లో రద్దయింది. భూమి కాగితం కోసం కరణం ఇంటి అరుగు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ రైతుకు ఇది చిన్న విషయం కాదు. కిలో రెండు రూపాయల బియ్యం సంగతి సరేసరి. జొన్న, రాగి సంగటి తప్ప వరి అన్నం పండగ పూటే చూసే పల్లెలవి.

ధర్మవరం మగ్గానికి మాత్రం ఆ ఊరట అంతగా అందలేదనే చెప్పాలి. సగం ధరకు చీరలు, ధోవతులు ఇచ్చే జనతా వస్త్రాల పథకం నూలు నేసేవారికి పని చూపించింది. పట్టుమగ్గం కష్టం వేరు. కర్ణాటకలో ముడిపట్టు ధర కదిలితే ధర్మవరంలో మగ్గం ఆగిపోతుంది. ఆ ధర ఏ ముఖ్యమంత్రి చేతిలోనూ లేదు.

ఓడిన ఏడాది

1989లో గాలి తిరగబడింది. కాంగ్రెస్‌కు 181 సీట్లు, తెలుగుదేశానికి 74. ఎన్టీఆర్ ఆసారి హిందూపురంతో పాటు మహబూబ్‌నగర్ జిల్లా కల్వకుర్తిలోనూ పోటీ చేశారు. కల్వకుర్తిలో చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయారు. ముఖ్యమంత్రిగా ఉంటూ ఓడిపోవడమంటే మాటలు కాదు. హిందూపురం కూడా కాదనుకుని ఉంటే ఎన్టీఆర్ అసెంబ్లీ మెట్లు ఎక్కేవారు కాదు. ప్రతిపక్ష నేత హోదా ఇచ్చింది ఈ ఊరే. ఈ ఒక్క కారణం చాలు, ఎన్టీఆర్ కథలో హిందూపురానికి ఒక పేజీ కేటాయించడానికి.

1994లో మళ్లీ పోటెత్తారు. హిందూపురం, శ్రీకాకుళం జిల్లా టెక్కలి రెండింటా గెలిచి, మళ్లీ హిందూపురాన్నే ఉంచుకున్నారు. ప్రమాణ స్వీకారం రోజున సంపూర్ణ మద్య నిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. రాష్ట్రమంతా హారతులు పట్టింది. అయితే ఆయన సొంత నియోజకవర్గం నుంచి కొద్ది కిలోమీటర్లు వెళ్తే కర్ణాటక. అక్కడ దుకాణాలు తెరిచే ఉండేవి. సరిహద్దు ఊళ్లలో నిషేధం ఎంత నిలబడుతుందో ముందే ఊహించవచ్చు.

పెనుకొండ వైపు

హిందూపురం నుంచి బండెక్కితే ధర్మవరం చేరేలోపు వచ్చేది పెనుకొండ. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని ఇక్కడికే మారింది. ‘మహామంత్రి తిమ్మరుసు’లో కృష్ణదేవరాయలుగా నటించింది ఎన్టీఆరే. ఆ తిమ్మరుసును బంధించారని చెప్పే బందీఖానా పెనుకొండలోనే ఉంది.

అదే పెనుకొండలో 1994లో ఎన్టీఆర్ నిలబెట్టిన అభ్యర్థి పరిటాల రవీంద్ర. తండ్రిని హత్యలో పోగొట్టుకుని, కక్షల మధ్య పెరిగి, 1993లో తెలుగుదేశంలో చేరిన యువకుడు. గెలిచారు, కార్మిక మంత్రి అయ్యారు. ముఠాలకు అతీతుడిగా సీమకు వచ్చిన ఎన్టీఆర్, చివరికి ముఠా కక్షల నీడ పడిన రాజకీయాన్నే చేరదీశారన్న విమర్శ ఉంది. అది తీసిపారేయాల్సిన మాట కాదు. రవీంద్రకు జనంలో అభిమానం ఎంతో, చుట్టూ పగ అంత. 2005 జనవరి 24న అనంతపురంలో పార్టీ కార్యాలయం దగ్గరే ఆయన్ను కాల్చి చంపారు. ఆ ఏడాదే ఉప ఎన్నికలో భార్య సునీత పెనుకొండ నుంచి గెలిచారు.

ఎన్టీఆర్ పతనం చూడటానికి అంత కాలం పట్టలేదు. 1995 ఆగస్టులో పార్టీ ఎమ్మెల్యేల్లో అత్యధికులు చంద్రబాబు వైపు వెళ్లారు. సెప్టెంబరు 1న కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేశారు. పెద్దాయనకు మిగిలింది ఒక్క హిందూపురం ఎమ్మెల్యే పదవే. అయిదు నెలలు తిరక్కుండానే పోయారు.

ఇక ఉప ఎన్నిక. 1982లో ఊరూరా తిరిగిన చైతన్యరథం స్టీరింగ్ పట్టిన కొడుకు హరికృష్ణ 1996లో తండ్రి సీటు నుంచే అసెంబ్లీకి వెళ్లారు. అదీ చంద్రబాబు పక్షాన! తండ్రిని దించిన పార్టీకే ఊరు ఓటేసిందని కొందరు, తండ్రి రక్తానికే ఓటేసిందని కొందరు. రెండూ నిజమే కావచ్చు. తర్వాత సి.సి. వెంకటరాముడు, రంగనాయకులు, అబ్దుల్ ఘనీ. మనుషులు మారినా పార్టీ మారలేదు. 2014 నుంచి బాలకృష్ణ. 2019లో రాష్ట్రమంతా ఓడినప్పుడూ గెలిచారు, 2024లో మూడోసారి గెలిచారు. 1983 నుంచి ఇప్పటిదాకా తెలుగుదేశం ఓటమి ఎరగని ఊరిది.

ఇంత నమ్మకానికి ఊరికి దక్కిందేమిటన్న ప్రశ్న ఉండనే ఉంది. 2022లో కొత్త జిల్లా వచ్చినప్పుడు కేంద్రం పుట్టపర్తికి వెళ్లింది. హిందూపురం కోసం బాలకృష్ణ మౌనదీక్ష చేసినా ఫలితం లేదు. నీళ్ల సంగతి ఇంకా పాతది. ముఖ్యమంత్రి నియోజకవర్గంలో బిందెల వరుసలు దశాబ్దాల పాటు తగ్గలేదు. శ్రీశైలం నుంచి కృష్ణా వరద నీటిని సీమకు ఎత్తిపోసే హంద్రీ-నీవా ఆలోచన ఎన్టీఆర్ కాలంనాటిదే. అది కాగితం దిగి కాలువై, పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయానికి చేరేసరికి 2016 వచ్చింది. ఆ నీటిని చూసుకునే 2017లో కియా కార్ల కంపెనీ పక్కన స్థలం ఎంచుకుంది. 2019లో గొల్లపల్లి నుంచి పైపులైను హిందూపురం దాకా వచ్చింది. నిమ్మకూరు పొలాలు తడిపే కృష్ణ నీళ్లే ఇవి. హిందూపురం కుళాయికి చేరేనాటికి రామారావు పోయి 23 ఏళ్లయింది.